కుంచె జాడ కనపడని చిత్రం

కోపెన్‌హేగన్,
1944 అక్టోబర్ 2

తమ్ముడు ఎస్కిల్‌కి,

ఈ ఉత్తరం చేపల లారీ నడిపే ఇవర్ చేతికిచ్చి పంపుతున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి. నీకు ఉత్తరాలు దాచుకునే పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి రెండోసారి చెబుతున్నాను, పొయ్యిలో వెయ్యి.

ఇక్కడ మన పోలీసులనే జర్మన్లు లారీల్లో ఎక్కించుకుపోయి రెండు వారాలైంది. ఊళ్ళో అడిగేవాడు లేడు. నిన్న మా మ్యూజియం వీధి మలుపులో ఒక మనిషిని సైకిలు మీద ఉండగానే కాల్చారు. మనిషి కింద పడ్డాడు, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. కాల్చింది వాళ్ళో మనవాళ్ళో ఎవరికీ తెలియదు. రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడ్డవాళ్ళు ఒక్కరూ చోటు వదల్లేదు. నేనూ వదల్లేదు. ఇంటికొచ్చాక ఆ రొట్టె తిన్నాను కూడా. ఇలా అయిపోయాం.

అసలు విషయం. ఇన్నాళ్ళూ స్వీడన్‌కి దాటించమని నీ దగ్గరికి పంపే మనిషి నమ్మదగినవాడైతే "అసలు చిత్రం" అనీ, అనుమానముంటే "నకలు" అనీ రాసేదాన్ని. ఆ రెండు మాటలూ వాళ్ళకి తెలిసిపోయాయి. సెప్టెంబరులో "అసలు" అన్న ఉత్తరం పట్టుకుని మీ దగ్గరికి వచ్చినవాణ్ణి నేను పంపలేదు. ఆ ఉత్తరం నాది కాదు. నా చేతిరాతని ఎవడో నాకన్నా బాగా రాశాడు.

కాబట్టి ఇకమీదట ఆ మాటలు వద్దు. మనిషిని ఒక చిత్రంలా వర్ణించి మామూలు పోస్టులో రాస్తాను. మంచి చిత్రమైతే పడవ ఎక్కించు. చెడ్డదైతే ఏం చెయ్యాలో నీకూ నీ పడవవాడు క్రెస్టెన్‌కీ తెలుసు. యూల్ గీసిన దొరల ముఖాల దగ్గర్నుంచి ఇప్పటి కుర్రాళ్ళు పూసే ముసుగుల బొమ్మల దాకా, నూట యాభై ఏళ్ళ చిత్రాలు శుభ్రం చేసిన చెయ్యి నాది. వర్ణనకి కరువుండదు. సెన్సారు గుమస్తాకి ఇదంతా ఒక మ్యూజియం ముసలిదాని చాదస్తంలా కనిపిస్తుంది. నీకు కళ్ళున్నాయి.

జాగ్రత్త.
నీ అక్క
అగ్నెత


స్కాగెన్,
అక్టోబర్ 9

అక్కకి,

నీ ఉత్తరం ఇవర్ ఎదురుగానే పొయ్యిలో వేశాను. నమ్మకం లేకపోతే వాణ్ణే అడుగు.

ఊవెని జర్మన్లు మొన్న తిరిగి ఇచ్చారు. క్రెస్టెన్ తమ్ముడు, నీకు గుర్తుండాలి, మన ఇంటికి పీతలు తెచ్చేవాడు. రేవులో బండి ఆపి చాపలో చుట్టిన మనిషిని దింపి, గుండె ఆగి చనిపోయాడని కాగితం ఇచ్చి పోయారు. నేనూ క్రెస్టెనూ కలిసి ఒళ్ళు కడిగాం. వేళ్ళకి గోళ్ళు లేవు. ముందు పళ్ళు లేవు. పాదాలు చూడొద్దని క్రెస్టెన్‌తో అన్నాను, వాడు చూశాడు. చివర్లో "చొక్కా నాది తొడుగు, వాడిది చిరిగింది" అన్నాడు, అంతే.

ఊవెని పట్టించిన ఆ "అసలు" మనిషిని మేం ఇసుక దిబ్బల వెనక పట్టుకున్నాం. ఏం చేశామో రాయను. వాడు మన భాషలోనే ఏడ్చాడు, ఆల్బోర్ వైపు యాసలో. జర్మన్‌లో ఏడ్చి ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది. ఇంకొక్కసారి అలాంటివాడు ఇక్కడికొస్తే మేం పదకొండు మందిమీ ఊవె పక్కన పడుకుంటాం. అది మనసులో పెట్టుకుని రాయి.

నీ పద్ధతి బాగుంది. మంచి చిత్రమేదో చెడ్డదేదో నాకు నువ్వు నేర్పక్కర్లేదు. నాన్న చర్చి గోడలకి రంగులేస్తూ మనిద్దరికీ ఒకేసారి నేర్పాడు, నీకు ఓపిక వచ్చింది, నాకు బుద్ధి వచ్చింది. మీ ఎకర్స్‌బర్గూ ఆయన శిష్యులూ ఓడని గీస్తే తాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు, కానీ ఆ ఓడ పుట్టాక ఒక్కసారి తడవదు. క్రోయర్, ఆంకర్ వాళ్ళు మా ఇసుకలో నిలబడి గీశారు, అందుకే వాటిలో గాలి ఉంది, బూట్ల కంపు ఉంది. నున్నటి బొమ్మని చూస్తే నాకు జేబులు తడుముకోవాలనిపిస్తుంది. నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

కాఫీ పేరుతో ఇక్కడ చికోరీ కూడా దొరకట్లేదు. ఉంటే ఇవర్ చేత పంపు.

ఇట్లు
మొండివాడు ఎస్కిల్


కోపెన్‌హేగన్,
నవంబర్ 6

ప్రియమైన తమ్ముడికి,

చికోరీ పంపాను. జేబులు తడుముకున్నావా, ఏమైనా పోయాయా?

ఫ్రేము కోసం ఒక చిత్రం వస్తోంది. నీకు నచ్చుతుంది. మీ వైపు పనే. ఎండ, తడి ఇసుక, చేతికి అంటుకునేంత మందంగా రంగు. ఒకామె గొంతెత్తి ఎవరినో పిలుస్తున్నట్టుంటుంది. దాచుకోవడం తెలియని చిత్రం. మంచి ఫ్రేము కట్టు.

ఇక్కడ చలి మొదలైంది.

అగ్నెత


స్కాగెన్,
నవంబర్ 19

అక్కకి,

ఆ చిత్రం వచ్చింది, ఫ్రేము కట్టి పంపేశాం. నిజంగానే గొంతెత్తే మనిషి. వంటింట్లో కూర్చుని క్రెస్టెన్‌ని చేపల కంపు అని తిట్టింది. వాడు ఊవె పోయాక మొదటిసారి నవ్వాడు. ఆ ఒడ్డు నుంచి క్షేమమని కబురొచ్చింది.

చూశావా, మనిద్దరికీ ఇంత బాగా కుదిరిన పని జీవితంలో ఇంకోటి లేదు.

ఎస్కిల్


కోపెన్‌హేగన్,
1945 జనవరి 9

ఎస్కిల్,

చలికి గిన్నెలో జిగురు గడ్డకడుతోంది. మా పక్క వీధిలో డాక్టరుగారిని తలుపు కొట్టి, తీయగానే గుమ్మంలోనే కాల్చారు. ఆయన భార్య రోజూ ఆ గుమ్మం కడుగుతోంది. మరక పోయింది, ఆవిడ కడగడం మానలేదు.

ఇంకో చిత్రం వస్తోంది, వచ్చే వారం. ఇంతకుముందు వాటిలాంటిది కాదు. నూరేళ్ళ కిందటి పని, ఎకర్స్‌బర్గ్ శిష్యుల చెయ్యి. అద్దంలా నునుపు. భూతద్దం పెట్టి చూసినా కుంచె జాడ ఎక్కడా కనపడదు. గీతలన్నీ వెళ్ళి వెళ్ళి ఒక్క చోటే కలుస్తాయి. ఎదురుగా ఎంతసేపు కూర్చున్నా తన గురించి తాను ఒక్క మాట చెప్పదు. హామర్స్‌హోయ్ గీసిన గదుల్లో వీపు తిప్పి నిలబడ్డ మనిషి దగ్గర ఉంటుందే, ఆ బూడిదరంగు నిశ్శబ్దం, అది దీనికి ఉంది. నీకు విడమరిచి చెప్పక్కర్లేదు, చూడగానే తెలుస్తుంది.

దీని సంగతి నువ్వే స్వయంగా చూసుకో. వేరే చేతుల్లో పెట్టకు. అయిపోగానే ఒక్క ముక్క రాయి. అది వచ్చేదాకా నాకు తిండి సయించదు.

నీ అక్క


స్కాగెన్,
జనవరి 24

అక్కకి,

నున్నటి చిత్రం పోయిన గురువారం అందింది. నువ్వు రాసింది అక్షరాలా నిజం. ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటసేపు చూశాను, తన గురించి ఒక్క మాట చెప్పలేదు.

నువ్వు చెప్పినట్టే నా చేతులతో నేనే చూసుకున్నాను. క్రెస్టెన్ సాయం పట్టాడు. మధ్యాహ్నం మూడింటికి, మంచు పొగలో, సముద్రానికి అప్పగించాం. ఇక నువ్వు దాని గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. తిండి తిను.

ఎస్కిల్


కోపెన్‌హేగన్,
ఫిబ్రవరి 3

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను. పై అంతస్తు ఆవిడ చూసి ఎవరైనా పోయారా అని అడిగింది. లేదు, ఎవరూ పోలేదు అన్నాను. ఆ మాట అనడం ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను.

నీ చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకోవాలని ఉంది. క్రెస్టెన్ చేతులు కూడా, చేపల కంపున్నా సరే. మీ ఇద్దరికీ ఉన్ని తొడుగులు అల్లి ఈ పొట్లంలో పంపుతున్నాను. పాత శాలువా విప్పి అల్లాను, రంగు నీకు నచ్చదు, బూడిద రంగు. అయినా వేసుకో. అంత మంచి పని చేసిన చేతులు చలికి కొంకర్లు పోకూడదు.

ఈ ఐదేళ్ళలో నాకు ఇంత సంతోషం కలగలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

అగ్నెత


స్కాగెన్,
ఫిబ్రవరి 22

అక్కకి,

తొడుగులు అందాయి. క్రెస్టెన్ వేసుకున్నాడు. నాకు ఇంకా చెయ్యి రాలేదు.

నువ్వు మారిపోయావు. నాన్న కోడిని కోస్తుంటే చెవులు మూసుకుని వీధి చివరికి పరిగెత్తేదానివి. ఇప్పుడు తొడుగులు అల్లుతున్నావు. తప్పు పట్టడం లేదు. బహుశా నీకున్న గుండె ధైర్యం నాకు లేదేమో. నాకు మాత్రం కుంచె పట్టుకుంటే ఏదీ రావడం లేదు. తడి రంగు వంక చూడలేకపోతున్నాను, ముఖ్యంగా ఎరుపు.

ఆ చిత్రం మూలన ఒక చిన్న మచ్చ ఉంది, చెవి అంచులాంటి చోట. నువ్వు చూశావో లేదో. అది కళ్ళలోంచి పోవడం లేదు.

ఎస్కిల్


కోపెన్‌హేగన్,
మార్చి 26

తమ్ముడికి,

బుధవారం ఇంగ్లీషువాళ్ళ విమానాలు ఇళ్ళ కప్పులకి ఆనుతూ వచ్చాయి. నగరం మధ్య ఉన్న గెస్టపో కచేరీ మీద వేశారు. దానికి మేం చప్పట్లు కొట్టాం, కిటికీల్లో నిలబడి. తర్వాత తెలిసింది, కొన్ని విమానాలు వేరే చోట లేచిన పొగ చూసి అదే గుర్తు అనుకుని ఒక బడి మీద వేశాయని. నేనూ వెళ్ళాను, ఇటుకలు అందుకోవడానికి. పిల్లల్ని చెక్కల మీద పడుకోబెట్టి తెస్తున్నారు. ఒక తండ్రి ఒక్కొక్క చెక్క దగ్గరికీ వెళ్ళి బూట్లు చూస్తున్నాడు, మొహం చూడ్డం లేదు. వేసినవాళ్ళు మనవైపు వాళ్ళే. అదే తట్టుకోలేకపోతున్నాను.

నీ ఉత్తరంలో ఆ మచ్చ సంగతి చదివి ఏడ్చాను, బెంగతో కాదులే. అది నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. నువ్వు అంత దగ్గరగా చూశావన్నమాట. భయపడకు, పడవ పంపిన ప్రతిసారీ నీకు ఇలాగే ఉంటుంది. అంతా అయ్యాక మళ్ళీ బొమ్మలు గీస్తావు.

అగ్నెత


కోపెన్‌హేగన్,
మే 10

ప్రియమైన ఎస్కిల్,

ఇక దాపరికం అక్కర్లేదు. మామూలు మాటల్లో రాయవచ్చు, చెయ్యి మరిచిపోయినట్టుంది. వాళ్ళు లొంగిపోయారని రేడియోలో చెప్పిన సాయంత్రం ఊరంతా నల్ల కర్టెన్లు పీకి కిటికీల్లో కొవ్వొత్తులు పెట్టారు. ఆ మర్నాడు లెక్కలు తేల్చుకోవడం మొదలైంది. జర్మన్లతో తిరిగిందని ఒక పిల్లకి నడివీధిలో గుండు గీశారు. కత్తెర పట్టుకున్నవాడు మన రొట్టెల కొట్టువాడే.

నీకు చెప్పాల్సింది ఒకటుంది. జనవరిలో నీ దగ్గరికి పంపిన మనిషి పేరు సోఫస్ రౌన్. మా మ్యూజియంలోనే పని, నాతో పాటు పాత చిత్రాలు బాగుచేసేవాడు. కింద గదుల్లో దొంగచాటుగా పత్రిక అచ్చు వేసేవాడు. మిగతా ముగ్గురినీ పట్టుకుని కాల్చేశారు, ఇతను ఒక్కడే మిగిలాడు. మేం పెళ్ళి చేసుకోవాలనుకున్నాం. నాకు యాభై రెండేళ్ళు, నవ్వుకో. నవ్వుతావనే ఇన్నాళ్ళూ చెప్పలేదు.

నాలుగు నెలలు ఓపిక పట్టాను, యుద్ధంలో ఉత్తరాలు రావు కదా అని. ఇప్పుడు స్వీడన్ కాన్సులేటులో అడిగితే ఆ పేరుతో ఎవరూ దిగలేదంటున్నారు. వేరే పేరు పెట్టుకున్నాడా? ఏ రేవులో దింపారు? క్రెస్టెన్‌ని కనుక్కో. నేను సోమవారం స్వీడన్‌కి, యోటెబోర్ రేవుకి బయల్దేరుతున్నాను. వెంటనే తంతి ఇవ్వు, ఊరి పేరు చాలు.

నీ అక్క
అగ్నెత


స్కాగెన్,
మే 12

అక్కకి,

బయల్దేరకు. తంతిలో పట్టే మాట కాదు, అందుకే ఇవాళ ఆల్బోర్ నుంచి విమానంలో అక్కడికి వస్తున్న మనిషి చేత ఇది పంపుతున్నాను. కూర్చుని చదువు.

అతన్ని మేం చంపేశాం.

నువ్వు రాసిన ప్రతి మాటా నాకు ఒకటే చెప్పింది. కుంచె జాడ కనపడదు అన్నావు, చేసిన చెయ్యి దాచుకున్నవాడు అనుకున్నాను. గీతలన్నీ ఒక్క చోటే కలుస్తాయి అన్నావు, ఆ చోటు గెస్టపో కచేరీ అనుకున్నాను. తన గురించి చెప్పడు, వీపు తిప్పాడు, అద్దంలా నునుపు. చివర్లో సంగతి నువ్వే చూసుకో అన్నావు. ఇంతకన్నా చెడ్డ చిత్రాన్ని ఎవరైనా ఎలా వర్ణిస్తారు అనుకున్నాను. క్రెస్టెన్‌కి చదివి వినిపించాను. వాడు లేచి వెళ్ళి పడవ సిద్ధం చేశాడు.

అతను రైల్లో వచ్చాడు, చిన్న సంచితో. ఉప్పుచేపా రొట్టే పెట్టాను. గోడ మీది నా బొమ్మలు ఒక్కొక్కటీ చూశాడు, దగ్గరగా, చేతులు వెనక్కి కట్టుకుని. ఏ నూనె కలుపుతారని అడిగాడు. పడవలో ఎంతమంది ఉంటారని అడిగాడు. భయపడ్డ మనిషి అడిగే ప్రశ్నే అది, ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు ఊవె వేళ్ళు కనపడ్డాయి.

రేవు దాటాక క్రెస్టెన్ వల లాగే ఇనప కడ్డీతో వెనక నుంచి కొట్టాడు. మొదటి దెబ్బకి పోలేదు. మోకాళ్ళ మీద పడి నా వైపు తిరిగి "నేను అగ్నెత మనిషిని" అన్నాడు. కేకేసి కాదు, మెల్లగా, ఏదో సర్దిచెబుతున్నట్టు. క్రెస్టెన్ "ఆవిడ పేరు కూడా వీళ్ళకి దొరికింది, తొందరగా కానియ్యి" అన్నాడు. నేను రెండు చేతులూ పట్టుకున్నాను. రెండో దెబ్బ చెవి మీద పడింది, అందుకే ఆ మచ్చ అంత దగ్గరగా చూశాను. లంగరు గొలుసు చుట్టి వదిలేశాం. నీళ్ళు ఎర్రబడి, మళ్ళీ మామూలు రంగుకి రావడానికి ఎంతో సేపు పట్టలేదు.

ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. మా అక్క నీకేమవుతుంది అని. అడగలేదు. నీ ఉత్తరం అర్థమైందన్న పొగరు నాకు. నాకు చిత్రాలు తెలుసన్న పొగరు.

క్రెస్టెన్‌కి చెప్పాను. తొడుగులు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు, అప్పట్నుంచీ కనపడలేదు. నన్ను ఏం చెయ్యమంటావో రాయి, చేస్తాను.

ఎస్కిల్


కోపెన్‌హేగన్,
మే 27

ఎస్కిల్‌కి,

పైన తమ్ముడు అని రాయడానికి చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు పనిగదిలో ఉన్న సీసాలన్నీ పగలగొట్టాను. వార్నిషు, టర్పెంటైను, అన్నీ. కాలికి గుచ్చుకుంటే తెలియలేదు. నువ్వు ఎదురుగా ఉంటే ఆ గాజుముక్క నీ గొంతులో దించేదాన్ని, ఇది మాటవరసకి రాయడం లేదు. మనిషిని చేతులు పట్టుకుని చంపించి, నా తొడుగులు అందాయని రాశావు. నేను మచ్చ గురించి ఏడ్చాను. నీ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

నవంబరులో పంపిన ఆ గొంతెత్తే టీచరమ్మ గురించి నీ కళ్ళతో చూసి రాశాను. కావాలని, నీకు అర్థం కావాలని, మీ ఇసుకా ఎండా వెతికి మరీ రాశాను. సోఫస్ గురించి రాసేటప్పుడు నీ కళ్ళు గుర్తు రాలేదు. నాకు ఎలా కనిపించాడో అలా రాశాను. నా భాషలో అంతకన్నా పెద్ద పొగడ్త లేదు. తప్పులో సగం నాదని నేను రాస్తే నీ బరువు దిగుతుందని ఎదురుచూస్తున్నావు. రాయను. నా సగం నా దగ్గరే ఉంటుంది, అందులో నీకు వాటా లేదు.

నిన్ను కోర్టుకి లాగను. యుద్ధంలో జరిగిన పొరపాటని రాసి, నీ భుజం తట్టి పంపేస్తారు. పతకం ఇచ్చినా ఇస్తారు.

వీబోర్‌లో అతని తల్లి ఉంది, పెద్ద చర్చి వెనక వీధిలో, పచ్చ తలుపు. కొడుకు స్వీడన్‌లో ఉన్నాడని నేనే ఉత్తరం రాశాను ఫిబ్రవరిలో. నువ్వు వెళ్ళు. యుద్ధం అనకు, పొరపాటు అనకు, చిత్రాలంటూ మొదలుపెట్టకు. మీ అబ్బాయిని నేను చంపాను అని చెప్పు. చెప్పాక ఒక్క ఉత్తరం రాయి. ఆ తర్వాత రాయకు.

అగ్నెత


స్కాగెన్,
జూన్ 12

అగ్నెతకి,

వెళ్ళాను. నిన్న.

పక్కింటామె గేటు దగ్గరే ఆపి, పెద్దావిడకి చెవుడు, గట్టిగా మాట్లాడమంది. ఆమె తలుపు తీసి, నా బూట్లు చూసి, సముద్రం వైపు నుంచి వచ్చావా అని అడిగి లోపల కూర్చోబెట్టింది. నేను ఎవరినో చెప్పకముందే కాఫీ పెట్టింది. నిజమైన కాఫీ, కొడుకు వచ్చినప్పుడు తీద్దామని దాచిందట. కిటికీ తెరిచి ఉంది. వీధిలో జనం ఉన్నారు.

నువ్వు చెప్పిన మాటే చెప్పాను, మార్చలేదు. ఆమె తలూపి, కప్పు నా వైపు జరిపి, "ఏమన్నావు బాబూ?" అంది.

ఇంకాస్త గట్టిగా చెప్పాను. ఆమె చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని మళ్ళీ, "ఏమన్నావు?" అంది.

మూడోసారి పడవ నుంచి పడవకి కేకేసే గొంతుతో చెప్పాను. వీధిలో ఒక సైకిలు ఆగింది. పక్కింటామె గోడ మీద నుంచి తల ఎత్తింది. పేరు పెట్టి చెప్పాను. మీ అబ్బాయి సోఫస్‌ని నేను చంపాను, రెండు చేతులూ నేనే పట్టుకున్నాను అని.

ఆమె చేతిని చెవి మీద నుంచి తీసింది.

"మొదటిసారే వినపడింది. ఇంకేదైనా చెబుతావేమోనని అడిగాను," అంది.

ఎస్కిల్